ముఖం కనబడని టేబుల్‌లో ఎదుటివాళ్ల ఆట చదవడం ఎలా? ఆన్‌లైన్ పోకర్‌కి సమగ్ర మార్గదర్శి

పోకర్‌లో ఎదుటివాళ్లను చదవడం అనగానే చాలామందికి కళ్లు, వేళ్ల వణుకు, నుదుటి మీద చెమట గుర్తొస్తాయి. ఆన్‌లైన్‌లో అవేవీ ఉండవు. స్క్రీన్ మీద ఒక పేరు, ఒక బొమ్మ, దాని కింద చిప్స్ అంకె, అంతే. అయినా చదవొచ్చు. నన్నడిగితే ఎదురెదురుగా కూర్చున్నప్పటికంటే నిలకడగా చదవొచ్చు, ఎందుకంటే ముఖంతో ఒక రాత్రంతా నటించగలరు గానీ రెండు మూడు వందల హ్యాండ్లలో పెట్టే పందేల వరుసని నటించడం ఎవరివల్లా కాదు. 2017లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన లిబ్రాటస్ అనే ప్రోగ్రామ్ నలుగురు ప్రొఫెషనల్ ఆటగాళ్ల మీద 1,20,000 హ్యాండ్లు ఆడి గెలిచింది. అది ఎవరి ముఖమూ చూడలేదు, దానికి తెలిసిందల్లా ముక్కలు, పందేలు, లెక్క.

నిజానికి మనవాళ్లకి ఇది కొత్త విద్యేమీ కాదు. సంక్రాంతికి ఊళ్లో రమ్మీకి కూర్చున్నప్పుడు పక్కవాడు కింద పడిన ఆఠీను ఏడు ఎత్తుకున్నాడంటే, ఆ తర్వాత ఆఠీను ఆరు గానీ ఎనిమిది గానీ చచ్చినా మన చేతిలోంచి దించం కదా. పోకర్‌లో దించే ముక్కలుండవు, వాటి బదులు పందేలు ఉంటాయి. ఎక్కడ కూర్చుని పెట్టాడు, ఎప్పుడు పెట్టాడు, ఎంత పెట్టాడు, ఈ మూడూ కలిపి గుర్తుపెట్టుకోవడమే చదవడం అంటే. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది: మీరు ఫోల్డ్ చేశాక, అంటే ముక్కలు వదిలేశాక, జరిగే ఆటలోనే మీకు ఎక్కువ తెలుస్తుంది. అప్పుడే ఫోన్ పక్కన పెట్టేసేవాళ్లు ఏళ్లు ఆడినా ఎదుటివాళ్లను చదవలేరు.

ఇక్కడ చెప్పేది టెక్సస్ హోల్డెమ్ గురించి. చేతికి రెండు ముక్కలు, మధ్యలో అయిదు, వాటిలో మొదటి మూడు ఫ్లాప్, నాలుగోది టర్న్, అయిదోది రివర్. చెక్, కాల్, రైజ్, ఫోల్డ్ అంటే ఏమిటో, ఏది దేన్ని కొడుతుందో తెలిసినవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందుగా డబ్బు సంగతి

డబ్బు పెట్టి ఆడొద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించారు, రమ్మీ, పోకర్ కూడా అందులోకే వస్తాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశం మొత్తం మీద ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ని ఆపేసింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే, అదీ మన రాష్ట్ర ప్రభుత్వం వేసిన అప్పీలులోనే. ఆ తీర్పు పట్టుకుని వాదించేవాళ్లు ఇప్పటికీ కనబడతారు. కానీ 2025 చట్టం నైపుణ్యమా అదృష్టమా అని చూడదు, డబ్బు ఉందా లేదా అనే చూస్తుంది. దొడ్డిదారిన ఏదో విదేశీ యాప్‌లో చేరమని ఎవరు చెప్పినా వినకండి. జీతం మొత్తం ఇలాంటి వాటిలో పోసి అప్పులపాలైన ఇళ్లు మన చుట్టుపక్కలే ఉన్నాయి. ఈ విద్య నేర్చుకోవడానికి ఒక్క రూపాయి కూడా అవసరం లేదు, ఉత్తుత్తి చిప్స్ చాలు.

1. చదవడానికి వీలైన టేబుల్ పెట్టుకోండి

ఉచిత చిప్స్ టేబుళ్లలో ఒక ఇబ్బంది ఉంది. అయిపోతే మళ్లీ ఇస్తారు కాబట్టి ఎవరూ ఫోల్డ్ చేయరు, ప్రతివాళ్లూ ప్రతి హ్యాండూ చివరిదాకా లాగుతారు. పందేనికి విలువ లేనిచోట పందెం చూసి చదవడానికి ఏమీ ఉండదు. అందుకని తెలిసినవాళ్లు అయిదారుగురు కలిసి ప్రైవేట్ టేబుల్ పెట్టుకోండి. మాది అలాంటిదే: తిరుపతి బైరాగిపట్టెడ నుంచి నేను, చిత్తూరు నుంచి మా బావ, పుత్తూరు నుంచి పిన్ని కూతురు, ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్ నుంచి తమ్ముడు, రేణిగుంటలో షిఫ్టు దిగి వచ్చే ఇద్దరు స్నేహితులు. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక కూర్చుంటాం. తలా 10,000 చిప్స్, బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు) 50, 100. చిప్స్ అయిపోతే ఆ రాత్రికి అంతే, మళ్లీ నింపుకోవడం లేదు, ఎవరికెన్ని పాయింట్లు అనేది గ్రూపులో పెడతాం. ఈ ఒక్క నియమంతోనే జనం ఆలోచించి ఆడటం మొదలుపెడతారు. రూపాయి లేకపోయినా బావ చేతిలో ఓడిపోవడం ఎవరికీ ఇష్టం ఉండదు కదా.

2. ఫోల్డ్ చేశాక చూడండి

ఆరుగురి టేబుల్‌లో నిదానంగా ఆడేవాళ్లు వచ్చిన హ్యాండ్లలో నాలుగింట మూడొంతులు ముందే వదిలేస్తారు. అంటే గంట ఆడితే ముప్పావుగంట మీకు పనేమీ ఉండదన్నమాట. ఆ సమయంలో అందరినీ ఒకేసారి చూడాలనుకుంటే ఎవరూ గుర్తుండరు. ఒక్కరినే పట్టుకోండి, మీకు ఎడమపక్క కూర్చున్నవాళ్లతో మొదలుపెడితే మంచిది, ఎందుకంటే వాళ్లు మీ తర్వాత ఆడతారు, మీకు ఎక్కువ ఇబ్బంది పెట్టేది వాళ్లే.

అన్నిటికంటే ముఖ్యమైన క్షణం షోడౌన్. ముక్కలు తెరవగానే అందరూ గెలిచిందెవరో చూసి తర్వాతి హ్యాండ్‌లోకి వెళ్లిపోతారు. మీరు మాత్రం వెనక్కి వెళ్లండి. ఇస్పేటు తొమ్మిది, ఎనిమిది తెరిచాడు. మరి మొదట ఎక్కడ కూర్చుని వచ్చాడు, రైజ్ చేశాడా ఊరికే కాల్ కొట్టాడా, ఫ్లాప్‌లో డ్రా (ఇంకో ముక్క పడితే పూర్తయ్యే చేయి) ఉన్నప్పుడు పందెం పెట్టాడా చెక్ చేశాడా, రివర్‌లో తగిలాక ఎంత పెట్టాడు? చాలా యాప్‌లలో అయిపోయిన హ్యాండ్ మళ్లీ చూసే వీలు ఉంటుంది, అది వాడండి. ఓడిపోయినవాళ్ల ముక్కలు కూడా తెరిచి ఉంటే ఇంకా మంచిది, గెలిచిన చేతికంటే ఓడిపోతూ చివరిదాకా వచ్చిన చేయి మనిషి గురించి ఎక్కువ చెబుతుంది.

3. జరిగింది రాయండి, మీ అభిప్రాయం కాదు

యాప్‌లో ఆటగాడి పేరు మీద నొక్కితే నోట్ రాసుకునే చోటు ఉంటుంది, లేకపోతే ఒక చిన్న నోట్‌బుక్ చాలు. "పిచ్చాట", "బాగా ఆడతాడు" లాంటివి రాయకండి, వారం తర్వాత చూస్తే వాటివల్ల ఏ ఉపయోగమూ ఉండదు. ఇలా రాయండి: "కళావరు డ్రా, ఫ్లాప్, టర్న్ రెండూ కాల్, తగల్లేదు, రివర్‌లో ఫోల్డ్." "బటన్ మీద రైజ్, చూపించింది రాజు, నాలుగు." "రివర్‌లో పాట్‌కి రెండింతల పందెం, చూపించింది ఫుల్ హౌస్." (బటన్ అంటే ఫ్లాప్ నుంచి అందరికంటే చివర ఆడే సీటు, పాట్ అంటే మధ్యలో పోగైన చిప్స్.) పక్కన తేదీ వేయండి. ఒకే రకం సంగతి మూడు నాలుగు సార్లు పడితే అప్పుడు దాన్ని అలవాటు అనుకోవచ్చు, ఒక్కసారి చూసినదాన్ని పట్టుకుని తీర్పు చెప్పొద్దు.

4. రెండు లెక్కలు

ఆట లెక్కలు కట్టే ప్రోగ్రామ్‌లు పదుల కొద్దీ అంకెలు చూపిస్తాయి. మొదట్లో రెండే చాలు. వచ్చిన హ్యాండ్లలో ఎన్నింట్లో తనంతట తాను చిప్స్ పెట్టాడు అనేది ఒకటి, దీన్ని వీపీఐపీ అంటారు. ఫ్లాప్‌కి ముందే ఎన్నింట్లో రైజ్ చేశాడు అనేది రెండోది, పీఎఫ్ఆర్. ఆరుగురి టేబుల్‌లో వందకి 25 హ్యాండ్లు ఆడి వాటిలో 20 రైజ్‌తో వచ్చేవాళ్లు నిలకడైన ఆటగాళ్లు. 12 ఆడి 10 రైజ్ చేసేవాళ్లు ముక్క లేనిదే కదలరు. 45 ఆడి 8 మాత్రమే రైజ్ చేసేవాళ్లు కాల్ కొట్టడానికే వచ్చినవాళ్లు. 45 ఆడి 35 రైజ్ చేసేవాళ్లు మీ మీద ఎప్పుడూ ఒత్తిడి పెడుతూ ఉంటారు. చేత్తో గీతలు గీసి లెక్కపెట్టినా సరిపోతుంది. యాభై అరవై హ్యాండ్లకి ఈ రెండూ ఒక రూపానికి వస్తాయి. రైజ్ మీద మళ్లీ రైజ్ ఎంత తరచుగా చేస్తాడు లాంటివి తేలాలంటే మాత్రం వందల హ్యాండ్లు కావాలి, అంతవరకు ఆ అంకెల్ని నమ్మకండి.

ఈ లెక్కని కూర్చున్న చోటుతో కలిపి చూడాలి. మొదటి సీటు నుంచి రైజ్ చేస్తే వెనకాల ఇంకా అయిదుగురున్నారని తెలిసి చేశాడు. బటన్ మీద నుంచి అదే రైజ్ చేస్తే మిగిలింది ఇద్దరు బ్లైండ్లే. రైజ్ ఒక్కటే అయినా దాని వెనకున్న ముక్కలు వేరు. రెండు చోట్ల నుంచీ ఒకేలా రైజ్ చేసేవాళ్లు కనబడితే వాళ్లు సీటు గురించి ఆలోచించడం లేదని అర్థం, అది నోట్‌లో మొదటి వాక్యం కావాలి.

5. రెండు ముక్కలు ఊహించకండి, గుంపు పట్టుకుని తగ్గించుకుంటూ రండి

ఇది అసలైన పని, ఇక్కడ తొందరపడొద్దు.

"వాడి దగ్గర ఆసు, రాజు ఉన్నాయి" అని ఒక్కదాన్ని పట్టుకుంటే దాదాపు ఎప్పుడూ తప్పవుతుంది. 52 ముక్కల్లో రెండేసి తీస్తే 1,326 రకాలు వస్తాయి. వాటిలో ఒక జత, ఉదాహరణకి రెండు రాజులు, 6 రకాలుగా రావచ్చు. ఆసు, రాజు కలిసి 16 రకాలుగా వస్తాయి, వాటిలో ఒకే గుర్తువి 4, వేరే గుర్తులవి 12. అంటే ఎవరైనా గట్టిగా రైజ్ చేస్తే అది రెండు ఆసులకంటే ఆసు, రాజు అయ్యే అవకాశమే రెండున్నర రెట్లకు పైన. ఈ చిన్న లెక్క తెలియకే చాలామంది ప్రతి పెద్ద రైజ్‌కీ రెండు ఆసుల్ని చూసి భయపడుతుంటారు.

ఒక హ్యాండ్ మొత్తం నడిపి చూపిస్తాను. మా బావ వందకి పన్నెండు పదమూడు హ్యాండ్లే ఆడతాడు. మొదటి సీటు నుంచి 300కి రైజ్ చేశాడు, మిగతావాళ్లు వదిలేశారు. నేను బిగ్ బ్లైండ్‌లో (100 పెట్టిన సీటులో) ఉన్నాను, చేతిలో ఇస్పేటు రాణి, ఆఠీను రాణి. కాల్ చేశాను. వదిలేసిన చిన్న బ్లైండ్ 50 కూడా కలిపి పాట్ 650.

ఆ సీటు నుంచి బావ ఇంతవరకు చూపించినవి పదుల జత నుంచి పైకి జతలు, ఆసు-రాజు, ఆసు-రాణి. లెక్కేద్దాం. ఆసుల జత 6, రాజుల జత 6, జాకీలు 6, పదులు 6, ఆసు-రాజు 16. రాణులు రెండు నా దగ్గరే ఉన్నాయి కాబట్టి రాణుల జత ఒక్కటే మిగిలింది, ఆసు-రాణి 16 నుంచి 8కి తగ్గింది. మొత్తం 49.

ఫ్లాప్‌లో డైమండ్ ఆసు, కళావరు తొమ్మిది, ఇస్పేటు నాలుగు పడ్డాయి. ఆసు పడగానే అయ్యో అనుకుంటాం, కానీ ముందు లెక్క మార్చాలి. మధ్యలో ఒక ఆసు కనబడుతోంది కాబట్టి ఆసుల జత 3కి తగ్గింది, ఆసు-రాజు 12కి, ఆసు-రాణి 6కి. రాజులు 6, జాకీలు 6, పదులు 6, రాణులు 1 అలాగే ఉన్నాయి. మొత్తం 40, అందులో నన్ను కొట్టేవి 27, నేను కొట్టేవి 12, ఒకటి సమానం. నేను చెక్ చేశాను, బావ 300 పెట్టాడు. ముందు రైజ్ చేసినవాళ్లు ఫ్లాప్‌లో ఒక చిన్న పందెం ఎలాగూ పెడతారు, బావ కూడా అంతే, కాబట్టి ఈ పందెంతో గుంపు పెద్దగా తగ్గలేదు. నా కాల్ కూడా కలిపి 1,250 అయ్యే పాట్ కోసం నేను 300 పెట్టాలి, అంటే వందకి 24 సార్లు గెలిస్తే చాలు. నేను ముందున్నది వందకి 30. కాల్.

టర్న్‌లో ఆఠీను రెండు. ఎవరికీ ఉపయోగపడని ముక్క. మళ్లీ చెక్ చేశాను. బావ 900 పెట్టాడు.

ఇప్పుడు నోట్ చూడాలి. బావ టర్న్‌లో రెండో పందెం పెట్టి ముక్కలు తెరిచిన ప్రతిసారీ మధ్యలో ఉన్న పెద్ద ముక్కతో కలిసిన జతో, అంతకంటే మంచిదో చూపించాడు. ఆసు పడ్డాక రాజులతో గానీ జాకీలతో గానీ రెండో పందెం పెట్టగా ఎప్పుడూ కనబడలేదు. కాబట్టి రాజులు, రాణులు, జాకీలు, పదులు గుంపులోంచి తీసేయాలి. మిగిలినవి 3, 12, 6, మొత్తం 21, అన్నీ నన్ను కొట్టేవే. వందకి 30 సార్లు దాకా గెలవాల్సిన చోట నాకున్నది మిగిలిన రెండు రాణుల్లో ఒకటి రివర్‌లో రావాలన్న ఆశే. రాణుల జతని ఫోల్డ్ చేశాను, చేయాల్సింది అదే.

అదే బావ టర్న్‌లో చెక్ చేసి ఉంటే? అప్పుడు పోయేవి ఆసులున్న 21. మిగిలే 19లో నేను కొట్టేవి 12. రివర్‌లో నేనే ఒక 500 పెడితే జాకీలు, పదులు పట్టుకుని కాల్ చేసే అవకాశం ఉంది. ఒకే చేతితో ఒక దారిలో ఫోల్డ్, ఇంకో దారిలో పందెం, రెండింటినీ తేల్చింది అవతలివాళ్లు టర్న్‌లో చేసిన ఒక్క పని. ఈ కూడికలు ఆట మధ్యలో అంకెలతో సహా రావు, మొదట్లో మర్నాడు కాగితం మీద చేయండి. కొన్ని వారాలకి "సగానికి పైగా నా వెనకే ఉన్నాడు" లాంటి అంచనా అప్పటికప్పుడే వస్తుంది.

6. పందెం ఎంత?

పందెం సైజు గురించి ముందు ఒక లెక్క. పాట్‌లో సగం పెట్టి బ్లఫ్ చేస్తే (బలం లేని ముక్కలతో బెదిరిస్తే) మూడింట ఒకసారి ఎదుటివాళ్లు వదిలేస్తే సరిపోతుంది, పాట్ అంత పెడితే రెండింట ఒకసారి వదలాలి. ఈ లెక్క తెలిసినవాళ్లు మంచి ముక్కలతోనూ బ్లఫ్‌తోనూ ఒకే సైజు పెడతారు. మనతో ఆడే స్నేహితులు, చుట్టాలు మాత్రం చాలావరకు చేతిలో ఉన్నదాన్ని బట్టి సైజు మారుస్తారు, చదవడం కుదిరేది అందుకే. 2,000 పాట్‌లో 100 పెట్టారంటే ఎక్కువగా చవగ్గా ఇంకో ముక్క చూద్దామనే. బ్లైండ్ అంత మాత్రమే పెట్టి లోపలికి వచ్చి, ఎవరో రైజ్ చేశాక మళ్లీ రైజ్ చేస్తే చాలా పెద్ద జత. టర్న్‌లోనో రివర్‌లోనో చెక్ చేసి, మీరు పందెం పెట్టాక రైజ్ చేస్తే, మామూలు ఆటగాళ్ల విషయంలో మీ ఒక్క జతని వదిలేయండి. రివర్‌లో పాట్‌ని మించిన పందెం కూడా అంతే, ఉత్తి చేతులతో అంత పెట్టే ధైర్యం తక్కువమందికి ఉంటుంది. ఆ తక్కువమంది ఎవరో మీ నోట్స్ చెప్పాలి.

7. ఎంతసేపు తీసుకున్నాడు?

సమయాన్ని చూడండి గానీ దాని మీదే ఆధారపడకండి. వెంటనే కాల్ కొట్టారంటే రైజ్ గురించి ఆలోచించలేదనే అర్థం, సాధారణంగా మధ్యస్థంగా ఉన్న జత, లేదా డ్రా. చాలాసేపు ఆలోచించి చెక్ చేస్తే బలం తక్కువ. చాలాసేపు ఆలోచించి రైజ్ చేస్తే బలం ఎక్కువ. వచ్చిన చిక్కేమిటంటే మన ఆటలో ఆలస్యానికి వంద కారణాలుంటాయి: కరెంటు పోయి వైఫై ఆగింది, చిత్తూరు బస్సులో సిగ్నల్ పోయింది, అమ్మ పిలిచింది. కనురెప్ప పాటులో చెక్ పడితే ముందే చెక్-ఫోల్డ్ బటన్ నొక్కిపెట్టి ఉండొచ్చు. అందుకే ప్రతి మనిషికీ మామూలుగా ఎంతసేపు పడుతుందో ముందు తెలుసుకుని, దాంట్లో తేడా వచ్చినప్పుడే పట్టించుకోండి.

వాయిస్ కాల్‌లో మాట్లాడుకుంటూ ఆడేవాళ్లకి ఇంకో సూచన ఉంటుంది. మా పుత్తూరు చెల్లెలు ఆటంతా "ఏంది నైనా అంతసేపు ఆలోచిస్తావు" అని అందరినీ తొందరపెడుతూనే ఉంటుంది. మంచి ముక్కలు పడితే ఆ మాట ఆగిపోతుంది. ఇది ఆమె ఒక్కదాని అలవాటు, ఇంకొకరు మంచి ముక్కలు పడగానే కబుర్లు మొదలుపెట్టొచ్చు.

8. పెద్ద పాట్ పోయాక

ఆసుల జత రివర్‌లో ఓడిపోయినవాళ్లని తర్వాతి పది పదిహేను నిమిషాలు గమనించండి. కొందరు ప్రతి హ్యాండూ ఆడటం మొదలుపెడతారు, రైజ్‌లు పెద్దవవుతాయి, ఆలోచించే సమయం తగ్గిపోతుంది. కొందరు పూర్తిగా ముడుచుకుపోతారు. ఇద్దరికీ పాత నోట్స్ కాసేపు పనిచేయవు. మొదటి రకం మీద బ్లఫ్ ఆపి మంచి జతతో కాల్ చేస్తూ పోవాలి, రెండో రకం దగ్గర చిన్న చిన్న పాట్‌లు తీసేసుకోవాలి. ఎదురుగా ఉన్నది నిజంగా బాధపడుతున్న మనిషి అని తెలిస్తే మాత్రం ఆ రాత్రికి టేబుల్ ఆపేయండి.

9. చదివింది వాడటం

ఎక్కువమంది ఇక్కడే జారిపోతారు. బాగా చదువుతారు, తీరా ఆడేటప్పుడు అందరితోనూ ఒకేలా ఆడతారు. కాల్ కొట్టడానికే వచ్చినవాళ్ల మీద బ్లఫ్ చేయొద్దు, మంచి చేయి పడినప్పుడు మూడుసార్లూ పెద్దగా పెట్టండి, వాళ్లు చివరిదాకా వస్తారు. ముక్క లేనిదే కదలని మా బావలాంటివాళ్ల బ్లైండ్స్ మీద తరచుగా రైజ్ చేయండి, వాళ్లు తిరగబడితే వెంటనే వదిలేయండి. ఎప్పుడూ ఒత్తిడి పెట్టేవాళ్లకి ఎదురు రైజ్ అక్కర్లేదు, చెక్ చేసి వాళ్లనే పెట్టనివ్వండి. నిలకడైన ఆటగాళ్లతో పెద్ద పాట్‌లు వీలైనంతవరకు వద్దు, టేబుల్‌లో మీకు చిప్స్ వచ్చేది వాళ్ల దగ్గర నుంచి కాదు.

వాళ్లు కూడా మిమ్మల్ని చదువుతుంటారు. టర్న్‌లో రెండో పందెం పెట్టగానే మీరు ప్రతిసారీ వదిలేస్తున్నారని బావకి తెలిసిన రోజున జాకీలతో కూడా పెట్టడం మొదలుపెడతాడు. అందుకే నెలకోసారి నోట్స్ తిరగేయండి, పాతవాటిని ఈమధ్య తెరిచిన ముక్కలతో పోల్చి చూడండి. ఆసు పడిన టేబుల్‌లో రెండో పందెం పెట్టి జాకీలు చూపించడం రెండుసార్లు కనబడిందంటే పాత నోట్ కొట్టేసి, కింద కొత్తది తేదీతో రాయండి, తర్వాతిసారి ఆ 21కి జాకీల 6 కలిపి లెక్కేయండి.